మడతబందు

సీతంపేట కొండ దిగి
రెండు బస్సులు మారి
బూడితి వచ్చాడు సవర సిల్వాను,
చంకలో తువ్వాలు చుట్టిన ఇత్తడి డబ్బీ.
తుఫాను రాత్రి గుడి దూలం పడి
మూత ఊడిందట.

"ఏటిది బాబూ?"
"పునీతురాలి ఎముక."
అద్దం వెనక, పట్టుగుడ్డ మీద
నూకగింజంత.
నూక కూడా కాదు, మా ఆవిడ చాటలో
చెరిగి పారబోసే పలుకంత.

డబ్బీ అడుగున ఎర్రదారం, దారం మీద లక్కముద్ర.
"లక్క చెదిరిందంటే
ఇది ఎవుల్దో చెప్పే సాక్షి లేడు" అన్నాడు.
కాగితం మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది.

నలభై ఏళ్లుగా నేను
మైనం కరిగించి బొమ్మను పుట్టించేవాణ్ణి.
కరగనివ్వకుండా పని చెయ్యడం
ఆ రోజు నేర్చుకున్నాను.
కొలిమి ఆర్పేశాను.
చల్లటి శీల, చిన్న సుత్తి,
నిద్రపోయే బిడ్డ కాలికి కడియం తొడిగినట్టు.

ఈలోగా వీధంతా వచ్చేసింది.
పాపాయమ్మ అద్దం మీద చెయ్యి రాసి
మోకాలికి రాసుకుంది.
"ఏ దేశం ఆడకూతురో, ఇంత దూరం
ఒక్కర్తీ వొచ్చీసింది" అంది.
ఎవరో నందివర్ధనం పెట్టారు.
సిల్వాను వద్దనలేదు.

"నిజవేనా తాతా?" అన్నాడు మనవడు.
ఇత్తడైతే మీటి చెబుతాను
రాగి ఎంత, తుత్తునాగం ఎంత అని.
ఎముక మోగదు.
చిన్నప్పుడు వంశధార దాటించి
శాలిహుండం కొండెక్కించాడు మా తాత,
ఇక్కడ బుద్ధుడి ధాతువు ఉండేదిరా అని.
ఇటుకలు, గాలి, రెండు మేకలు.
తాత చెప్పులు విప్పి నిలబడ్డాడు.

కూలి నూట ఇరవై తీసుకున్నాను.
తీసుకోకపోతే
భయపడినట్టుంటుంది.

మర్నాడు మూస దించాక గుర్తొచ్చింది:
తీసేసిన పాత మడతబందు.
ఎన్ని వేల వేళ్లు తాకాయో దాన్ని!
తుక్కులో పడేశాను. తుక్కు మూసలోకి పోయింది.
ఆ పోతలో పన్నెండు చెంబులు, ఒక గంట.
ఆరు పర్లాకిమిడి పెళ్లికి,
ఐదు పాతపట్నం కొట్టుకి.
గంట ఏ గుడికో, లెక్కలో రాయలేదు.
సిల్వానుకి చెప్పలేదు.

పాపాయమ్మ మోకాలు తగ్గిందట.
ఎండలు కదా, తగ్గుతుందిలే అన్నాను.
అనేసి లోపలికెళ్లి,
అమ్ముడుపోని పన్నెండో చెంబును
ఇంకొక్కసారి మీటి చూశాను.