ఎర్ర గీతకి ఇవతల

గ్రిమ్స్‌బీలో ఆ ఫొటో చూడనివాళ్ళు లేరు.
టీ కప్పుల మీద, బస్టాపు గోడ మీద,
చేపల వేపుడు కొట్టులో వెనిగర్ సీసాల వెనక
జిడ్డు పట్టిన ఫ్రేములో.
రేవు చివర ఒక ఆడమనిషి,
తలకు గుడ్డ, నుదుటికి అడ్డంగా చెయ్యి,
చూపు సముద్రంలోకి.
కింద ఒక్కటే మాట: ఎదురుచూపు, 1954.

'లిలియన్ మే' అనే చేపల ఓడ
పందొమ్మిది మందితో ఐస్‌లాండ్ అవతలెక్కడో
మంచు బరువుకి ఒరిగిపోయిన వారం అది.
ఆ ముఖం చూసి లండన్ జనం చందాలు పంపారట.
ఆ కళ్ళ గురించి ఒక బిషప్పు
ఆదివారం పొద్దంతా మాట్లాడాడట.

నా పని నేలమాళిగలో.
పాత పత్రిక ఆఫీసు పారేయబోయిన గాజు పలకల్ని
తుడవడం, వెలుగు బల్ల మీద పెట్టి స్కాన్ చేయడం,
నంబరు వేసి పెట్టెలో పడుకోబెట్టడం.
గంటకింత. చేతులకి తెల్ల తొడుగులు.
నెగెటివ్‌లో నల్లజుట్టు వాళ్ళందరూ ముసలివాళ్ళే,
నవ్విన ప్రతివాళ్ళవీ గార పళ్ళే.

నవంబరులో ఒక మంగళవారం, నాలుగువందల పన్నెండో పలక.
అదే చెయ్యి. అదే తలగుడ్డ.
కానీ బొమ్మ అక్కడితో ఆగలేదు.
ఎర్ర మైనం పెన్సిలుతో గీసిన గీత
పైనుంచి కిందికి, తొందరగా, కాస్త వంకరగా.
గీతకి ఇవతల
బోర్లించిన చేపల పెట్టె మీద
ఇంకో మనిషి.
ఒళ్ళో వల, చేతిలో కండె.
తల ఎత్తలేదు.

కప్పుల మీది బొమ్మలో ఆమెది
మోచెయ్యి మాత్రం మిగిలింది.
ఇన్నేళ్ళూ దాన్ని తాడు చుట్ట అనుకున్నాం.

*

మావిస్ ట్రెండల్‌కి తొంభై ఒకటి.
వృద్ధాశ్రమం కిటికీ పక్కన ప్రింటు చేతికిస్తే
తనని తాను చూసుకోలేదు.
వేలు తిన్నగా గీత దాటి వచ్చింది.
"ఇదిగో, ఇనిడ్."

టీలో ముంచిన బిస్కెట్ విరిగి మునిగిపోయినా
పట్టించుకోకుండా చెప్పింది:

నాకెవరూ పోలేదమ్మా.
మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో. నీళ్ళంటే భయం.
ఆ ఫొటో అబ్బాయి అరక్రౌను చేతిలో పెట్టి
అటు చూడమన్నాడు. అటు ఎండ.
చెయ్యి అడ్డం పెట్టుకున్నా, అంతే.
ఆ డబ్బుతో మేజోళ్ళు కొనుక్కున్నా.

మనిషి పోయింది ఇనిడ్‌కి.
ఓడ మునిగిన రోజునే జీతమూ మునిగింది,
కంపెనీ లెక్క అట్లాంటిది.
ఇద్దరు పిల్లలు. వలకింత అని కూలి.
ఆ అబ్బాయి ఆమెనీ అడిగాడు, ఒక్కసారి తలెత్తమని.
"ముడి తప్పుతుంది" అంది.

ఇంకోటి.
ఓడ కదిలే రోజు ఇంట్లో బట్టలు ఉతక్కూడదు ఇక్కడ,
ఉతికితే మనిషి కొట్టుకుపోతాడని.
చంటిది కక్కుకుంది. ఇనిడ్ దాని గౌను ఉతికింది.
ఒకటే. ఇంత ఉంటుంది.
అది తీగ మీద ఆరుతుంటే నేను చూశా.
నేను చూడటం ఆమె చూసింది.
ఎవరికీ చెప్పలేదు నేను. ఆమె బతికున్నంత కాలమూ
నాకు కనబడితే రోడ్డు దాటి వెళ్ళిపోయేది.

*

మర్నాడు ఆ పలకని పెద్దది చేసి చూశాను,
ఒళ్ళోని వల తెరంతా నిండేదాకా.
లెక్కపెట్టగలిగినవి ముప్ఫై ఏడు ముళ్ళు.
ఒక్కటీ తప్పలేదు.

వివరాల గడిలో మావిస్ పేరు పక్కన
ఇనిడ్ పేరు ఎక్కించాను.
'పని' అన్న చోట: వల అల్లిక.
గౌను సంగతి ఎక్కడ రాయాలో తెలియలేదు.
ఆ వారం పలకలన్నీ తిరగేశాను,
పెరళ్ళు, దండేలు, దుప్పట్లు ఉన్నవన్నీ.
ఇంత గౌను ఎందులోనూ లేదు.

నాలుగువందల పదమూడు తీశాను.
ఫుట్‌బాల్ జట్టు. రెండు వరసలు.
అందరూ కెమెరాకేసే చూస్తున్నారు.