స్కోరు ఉండే చోట

ఆఫీసు వాళ్ళిచ్చిన ఫోను
మూడో నూతి దగ్గరే చేతులెత్తేసింది.
తడి వేలు దానికి వేలు కాదు.
ఉప్పు తగిలిన అద్దం మీద
ఎనిమిది నొక్కితే ఐదు,
ఐదు నొక్కితే మా మేనత్తకి ఫోను.

అప్పుడు దింపాను అటక మీంచి
అంతర్వేది తీర్థంలో కొన్న ఇటుకలాటని.
నూటపాతిక అన్నాడు, తొంభైకి ఇచ్చాడు.
మూలన మా తమ్ముడు సింహాద్రి పంటిగాటు
ఇంకా అలాగే ఉంది.
నా వంతు వచ్చినప్పుడల్లా కొరికేవాడు,
ఆటనో, నన్నో.

రాజోలు సెంటర్లో జిలానీ
రేడియోలు పోయాక టీవీలు,
టీవీలు పోయాక చెరువు మోటార్ల స్టార్టర్లు.
దాన్ని బోర్లా పడుకోబెట్టి నాలుగు మరలూ తీసి
"లోపలేం లేదండీ నూకరత్నంగారూ,
ఓ నల్లటి బొట్టు, అంతే" అన్నాడు.
ఆ బొట్టు గీకేసి వేలెడు బోర్డూ, గోరంత కార్డూ పెట్టి
తెర తీగలు ఒక్కొక్కటే వెతికి అతికించడానికి
పదకొండు రోజులు పట్టింది.

పై బాణం నొక్కితే అంకె పెరుగుతుంది,
కింది బాణానికి తగ్గుతుంది.
పక్క బాణాలు ఒకట్లూ పదులూ వందలూ వేలూ.
ఇటుకని తిప్పే పసుప్పచ్చ పెద్ద బొత్తాం
ఇప్పుడు "ఖాయం" అన్నమాట.
రబ్బరు బొత్తాలు, బురద వేలికీ పలుకుతాయి.
కళ్ళు నూతిలో ఉన్నా బొటనవేలికి తెలుసు దారి.

ఒక్కటే తీయలేకపోయాడు జిలానీ,
ఆన్ చెయ్యగానే మోగే ఆ టింగిరి పాట.
అది విని
సఖినేటిపల్లి నుంచి మోరి దాకా
పిల్లలు పరిగెత్తుకొస్తారు.
తాడూ, బుల్లి బకెట్టూ, మీటరు పుల్లా పట్టుకున్న నన్ను చూసి
ఆటేదీ అంటారు.
ఇదే అంటాను.
నూట పన్నెండు నూతులు,
అమావాస్య పోటుకొకసారి, అష్టమి తగ్గుకొకసారి.

తెర మీద కుడి పక్క పైన
స్కోరు అని రాసున్న చోటే పడుతుంది
నూతిలో ఉప్పు.
కర్రి సుభద్రమ్మ నుయ్యి, ఆరువందల నలభై.
రొయ్యల చెరువు పక్కన బడి బోరు,
మూడువేల తొమ్మిదివందలు.
"మా బడే గెలిచిందహో!" అని గెంతాడు
నిక్కరు జారిపోతున్న ఓ బుడ్డోడు.
నేనేమీ అనలేదు.
పసుపు బొత్తాం నొక్కాను.

సుభద్రమ్మ ముందుగా మీటరు ముంచనివ్వదు.
పుడిసిట పట్టి, నాలిక మీద తిప్పి,
కొబ్బరి మొదట్లో ఉమ్మి
"మొన్నటికంటే ఓ నలభై ఎక్కువేసుకో" అంటుంది.
ముంచితే ముప్ఫై ఎనిమిది.
"ఆ రెండూ నీ పుల్ల తప్పు."
ఆయ్, అంటాను.
ఆవిడ నాలిక చెప్పిందానికీ ఓ గడి కావాలన్నాను.
జిలానీ దాన్ని లెవెల్ అని ఉన్నచోట పెట్టాడు.

భాద్రపదం ముసుర్లో
ఒకట్ల స్థానం కదలడం మానేసింది.
నేను చూసుకోలేదు.
కాకినాడ నుంచి మేడం ఫోను:
"ఏమ్మా, నీ అంకెలన్నీ ఏడుతోనే ఆగుతున్నాయేం?"
ఏడు. ఏడు. ఏడు.
నూట పన్నెండు నూతులూ అదే మాట.
నవ్వాలో
అంకె చెప్పినట్టు చెయ్యాలో తెలియలేదు.
జిలానీ బొత్తాం ఎత్తి గోటితో గీకితే
రాలింది ఉప్పు, చిటికెడు.
కూరలోకి చాలదు,
పక్షం రోజుల లెక్క చెడగొట్టడానికి చాలింది.
చెప్పులు మార్చుకుని
మళ్ళీ మొదటి నూతి దగ్గర మొదలెట్టాను.

పాత ఆటలో
వరస నిండితే మాయమయ్యేది.
అదొక్కటే దీనికి నేర్పలేకపోయాం.

నిన్న రాత్రి, తెల్లారితే అమావాస్య,
ఆటోలోంచి ఖాళీ నీళ్ళ టిన్నులు దింపుతూ
సింహాద్రి అడిగాడు,
"అక్కా, ఈసారి ఏ ఊళ్ళో స్కోరు పెరిగిందే?"
వాడికది బేరం. తప్పనీ అనలేను,
నేనూ ఆ టిన్ను నీళ్ళే తాగుతున్నాను.
చెయ్యి చాపాడు.
పంటిగాటు మీద బొటనవేలు ఆనించి
"ఇంకా నా వంతే" అన్నాను.