ఎడమ చెయ్యి

అక్టోబరు, మంగళవారం. బిల్బావోలో వాన
గొడుగు తెరవాలో వద్దో తేల్చుకోనివ్వనంత సన్నగా.
తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చాడు ఏనెకో,
ఏటా వచ్చినట్టే,
ఎడమ చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడుచుకుని.
నలభై ఆరేళ్లు. హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాడు.
"కుడి చెయ్యి పనిది," అంటాడు, "దాన్ని అడగొద్దు."

అతనికి నరం దొరకడం కష్టం.
వేడినీళ్ల సంచీ ఆనించి, వేలితో వెతుకుతాను
కరెంటు పోయిన గదిలో అగ్గిపెట్టె వెతికినట్టు.
దొరికింది. నాలుగు గొట్టాలు.
ఆఖరిది అరచేతిలో పెట్టమన్నాడు.
"డ్రయ్యర్‌లోంచి ఇప్పుడే తీసినట్టుంది."

అవును ఏనెకో, వేడిగానే ఉంది.
వాపు చూసి బలుపనుకుంటారు కొందరు.
ఇది అసలు చూడ్డానికే దొరకని వాపు.
జ్వరం లేదు, దెబ్బ లేదు, చీము లేదు.
దొంగొచ్చాడని ఒంటిని లేపే గంటలు కొన్ని
ఇరవై ఒకటో క్రోమోజోము మీద వేలాడుతుంటాయి.
మా ఇళ్లల్లో రెండేసి, నీ ఇంట్లో మూడేసి.
గాలి కదిలినా మోగుతాయి.
కావలివాళ్లు పడుకోరు,
దొంగ లేని రాత్రి
ఇంట్లోవాళ్లనే నిలదీస్తుంటారు.

యంత్రం గిర్రున తిరిగి ఆగింది.
అడుగున ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు.
ఆ పై తేట పెట్టెలోకి పోతుంది, సున్నాకి ఎనభై డిగ్రీలు దిగువన.
అక్కడ ఏనెకో లేడు. నాలుగు వందల పదిహేడు ఉంటాడు.

నడవాలో అతని అక్క గరాజీ గొంతు తగ్గించి అడిగింది:
"పోయినేటి కాగితంలో ఇంటర్‌ల్యూకిన్ ఆరు పెరిగిందన్నారు.
మరుపు మొదలైనట్టేనా?"
"వందమందిలో అయితే ఏదో చెప్పగలం,
ఒక్క మనిషి దగ్గర చెప్పలేం" అన్నాను.
నిజమే చెప్పాను. అయినా
నోట్లో ఇసుక పడ్డట్టుంది.

ఆమెకి చెప్పనిది ఒకటుంది, ఏ గడిలోనూ రాయనిది.
నిరుడు తలుపు దగ్గర్నుంచే "మాయాలెన్!" అని కేకేశాడు.
ఇవాళ నా బ్యాడ్జీ చదువుకున్నాడు,
పెదవులు కదుపుతూ, అక్షరం వెంట అక్షరం.
కొత్త కళ్లద్దాలు కావచ్చు.
నేనూ జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను కదా.

వెళ్తూ వెళ్తూ ఆగాడు.
బల్ల మీద, అతని మోచేతి కింద నలిగిన తెల్ల తువ్వాలు.
దులిపాడు. అంచుకి అంచు. నాలుగు మడతలు.
కుడి చేత్తో ఒక్కసారి నిమిరి, బల్ల మూలకి జరిపాడు.

తర్వాతి మనిషికి
వేరే తువ్వాలు తీశాను.