క్రావడి

మా నాన్న యేసుదానానికి
ఆ చలికాలం క్రావడులు చాలలేదు.

గాంధీనగరంలో ప్రెస్సు. వెనక గదిలో
ఏటవాలు బల్ల, సీసం అక్షరాల అరలు.
మేడమీద పేరిశాస్త్రిగారు
అమెరికావాళ్ళ చిన్న పుస్తకం తెలుగు చేసి
సిరా ఆరకముందే కిందికి పంపేవారు.
రాత్రి పదిన్నర దాటాక
ఓరగా వేసిన తలుపులోంచి రత్తయ్య,
చొక్కా లోపల ఎన్నికల కరపత్రం.

పగలు ప్రపంచం, ప్రమాదం, ప్రజాస్వామ్యం.
రాత్రి శ్రమ, ప్రజ, మళ్ళీ ప్రజాస్వామ్యం.
శత్రువుకీ మిత్రుడికీ
అడుగున వేలాడే కొక్కెం ఒకటే.
పగటి ఫారం విప్పితే గాని
రాత్రి మాట నిలబడేది కాదు.
చాలనిచోట నాన్న ఏదో ఒక ముక్కని
తలకిందులుగా గుచ్చేవాడు.
ప్రూఫులో దాని పాదం నల్లగా పడేది.
తర్వాత మారుస్తానని దానర్థం.

ఒకరోజు శాస్త్రిగారే మెట్లు దిగివచ్చారు.
"ఏమయ్యా దానం, ఒక మాట కుదిరి చావటంలేదు.
కమ్యూనిజం పక్క దేశానికి పారకుండా
చుట్టూ ఆపటం, అదీ వాళ్ళ విధానం.
నిరోధం అంటే మలబద్ధకంలా ఉంది,
కట్టడి అంటే పోలీసు వాసన.
ఆనకట్ట అందామా?"
నాన్న చేతిలో స్టిక్కు అలాగే ఉంది.
"రెండేళ్ళ కిందే గదండీ అది తెగింది.
ఊరంతా ఇసక బస్తాలు మోశాం."
శాస్త్రిగారు నవ్వలేదు.
కట్టడి అనే వేయించారు.
అందులో క్రావడి లేదు,
నాన్నకి అదొక్కటే సుఖం.

సీసం అప్పటికే ఒంట్లోకి దిగింది.
చిగుళ్ళ అంచున నీలిగీత చూసి
డాక్టరు పాలు తాగమన్నాడు.
పాలు! జీతం ముప్పై ఎనిమిది.

మా మిషను బడిలో మధ్యాహ్నాలు
డ్రమ్ముల్లోంచి పొడి తీసి కలిపి పోసేవారు.
డ్రమ్ము మీద చారల డాలు, దాని మీద
ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు.
ఎవరివి టీచర్, అంటే
రూతమ్మగారు "తాగు" అంది.
తాగలేదు. గ్లాసు మీద పలక మూసి
ఏలూరు కాలవ గట్టెంట, వంతెన మీంచి,
ఎర్రజెండాల ఊరేగింపు మధ్యనించి
ఒలకకుండా ప్రెస్సుకి తెచ్చేదాన్ని.
అడుగున కట్టిన ఉండల్ని
నాన్న నల్లటి వేలితో గీరి నాకేవాడు.

ఆ పాలు తాగి ఆ రాత్రి
"డాలరు గోధుమలకి మోసపోకండి" అని కూర్చాడు.
తెల్లారి "ఆకలి ఉన్నచోటే ఎరుపు మొలుస్తుంది" అని.
రెండిట్లోనూ ఒక్క తప్పు లేదు.

మనం ఎటు నాన్నా, అన్నాను.
"ఫారంలో కుడి ఎడమవుద్ది, ఎడమ కుడవుద్ది.
కాయితం మీద పడ్డాక గదా తెలిసేది."

పడింది. రత్తయ్యవాళ్ళు ఓడిపోయారు.
మేడమీది బిల్లు మర్నాడే అందింది,
నా ఫీజు అందులోంచే కట్టాం.
కరపత్రాల బాకీ పద్దెనిమిది రూపాయల పావలా.
రత్తయ్య దగ్గర పావలా కూడా లేదు.
రెండు రాత్రులు నేలమీద కూచుని
రెండు పార్టీల ఫారాలూ విప్పి
అక్షరాలు అరల్లో వేసి వెళ్ళాడు.
సగం తప్పు అరల్లో వేశాడు.
మాఘమాసం శుభలేఖలన్నిట్లో
నాన్న తిట్లు తిన్నాడు.

మొన్న లెనిన్ సెంటర్లో, పాత పుస్తకాల పేవ్‌మెంటు మీద
ఆ అమెరికా పుస్తకం దొరికింది.
పదిహేను చెప్పి పదికిచ్చాడు.
పదకొండో పేజీ, మిత్రదేశాలు అన్నచోట
క్రావడి లేదు.
నల్లగా, చదరంగా,
తలకిందులైన ఒక పాదం.