చీటీ, మంట

మూడు వారాలుగా నా బల్ల మీద మూత తీసిన ఫోను,
దాని వెన్నులోంచి రెండు వైర్లు
కరెంటు కొలిచే పెట్టెలోకి.
మారతహళ్ళి, ఏడో అంతస్తు, స్వెట్టరు వేసుకునేంత ఏసీ,
అయినా చిప్ మీద వేలు పెడితే చురుక్కుమంటుంది.

తెర జరిపితే బొమ్మ తడబడుతోంది.
వేగం లేక కాదు,
వేగం వచ్చేసరికి పని అయిపోతోంది.

లోపల ఇద్దరున్నారు.
ఒకడు షెడ్యూలర్. ఏ పని లేచింది, ఏది పడుకుంది,
ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ తెలుసు వాడికి.
రెండోవాడు గవర్నర్. చిప్ ఎంత జోరుగా పరిగెత్తాలో వాడి మాట.
పది మిల్లీసెకన్లకోసారి కళ్ళు తెరుస్తాడు,
వెనక్కి చూస్తాడు,
గడిచిన పదిలో ఎంత పని, ఎంత ఖాళీ అని లెక్కేస్తాడు.
నిన్నటి ఎండకి ఇవాళ గొడుగు.

ఒకే ఇల్లు, మాటల్లేవు.
వీడు పనిని ఎత్తి పక్క కోర్ మీద పడేస్తాడు,
వాడికి చెప్పడు.
పాత కోర్ కింద మంట మండుతూనే ఉంటుంది,
ఖాళీ పెనం కింద.

పెనం అన్నమాట ఊరికే రాలేదు.

బస్టాపు ఎదురుగా నిలబడి తినే హోటలు.
గల్లాలో శాంతవ్వ.
గోడకి అవతల ఓబులేసు, మడకశిర మనిషి,
"ఎర్రగా కాల్చాల్నా అన్నా" అని నన్నొక్కడినే తెలుగులో అడుగుతాడు.
ఇదివరకు చీటీలు మేకుకి గుచ్చేవాళ్ళు.
అట్టు తిరగేసి, తలెత్తి, మేకు చూసి
అప్పుడు గ్యాస్ చెవి తిప్పేవాడు.
పెనం కాగేలోపు సగంమంది ఆఫీసు బస్సెక్కేసేవాళ్ళు,
వాళ్ళు పోయాక పెనం పొగలు కక్కేది.
మాడినవి నావి.

మొన్న నీళ్ళ పైపు కోసం ఆ గోడకి కన్నం పెట్టారు.
పూడ్చడం మరిచిపోయారు.
ఇప్పుడు చీటీ చింపుతూనే శాంతవ్వ కేకేస్తుంది,
"హన్నెరడు!"
ఆ 'హ' వినపడగానే
ఓబులేసు చెయ్యి చెవి మీదుంటుంది.

ఆ పూట నా సాంబారు చల్లారిపోయింది.

నేను పెట్టిందీ అలాంటి కన్నమే.
పని వరసలో నిలబడిన ఆ క్షణానే గవర్నర్‌కి పిలుపు.
ప్రతి పనీ తన బరువు తనే మోసుకుని తిరుగుతుంది,
ఏ కోర్‌కి పోతే అక్కడికి.
పాత బరువు ముప్పై రెండు మిల్లీసెకన్లకు సగమవుతుంది,
మళ్ళీ అంతలో సగంలో సగం.
నిరుడు నేను పాడుచేసిన రిలీజు మాత్రం
మా మాచయ్యకి ఇంకా నిండు బరువుతో గుర్తుంది.

ఫర్హీన్ కోడంతా చదివి ఒకటే అడిగింది,
లెక్కకి వచ్చినదాని మీద
పాతిక వంతు ఎందుకు కలిపావు?
నా దగ్గర జవాబు లేదు.
ఓబులేసుని అడిగాను.
"పన్నెండంటే పదైదుకి మంట పెడతాన్నా.
ఎవడో ఒకడు తిరిగొచ్చి ఇంకోటి అంటాడు గదా."
అదే రాసి పంపాను.
"ఇది రుజువు కాదు" అంది.
కాదు.

బొమ్మ తడబడ్డం మానేసింది.
మీటరు మీద గీత గోరంత కిందకి దిగింది.
ఆ గోరంత కోసం
మూడు వారాలు.

ఆదివారం శాంతవ్వ రాలేదు.
గల్లాలో మేనల్లుడు, చెవుల్లో పాటలు,
చీటీలు చింపుతున్నాడు, నోరు మెదపడు.
ఓబులేసు మళ్ళీ మేకు కేసి చూస్తున్నాడు.
పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్ అనలేదు.
సిగ్నల్ దగ్గర నీలం బస్సు మలుపు తిరగడం కనబడింది.
ఆగలేకపోయాను,
కన్నంలో మొహం పెట్టి అరిచాను,
"హన్నెరడు!"
మంట లేచింది.

బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది.

ఓబులేసు నా వంక చూశాడు,
ఏమీ అనలేదు,
చెవి వెనక్కి తిప్పాడు.