రిమార్కుల గడి

ముప్పై రెండేళ్లు పశువులాసుపత్రిలో అటెండర్ని.
కొండపి, జరుగుమల్లి, మర్రిపూడి,
ఏ ఊళ్లో ఏ కోడె తన్నిందో
ఇంకా నా మోకాలికి గుర్తే.

బర్డిజో అంటారు దాన్ని,
మూరెడు పిడుల ఇనప పటకారు.
తోలు తెగదు, నెత్తురు చుక్క రాదు,
లోపల తాడు మాత్రం నలుగుద్ది,
ఎండు చొప్ప విరిగినట్టు చిన్న చప్పుడు.
పడుకోబెట్టింది కోడెని,
లేచింది ఎద్దు.

అన్నీ రిజిస్టర్లో రాసేవాణ్ణి:
తేదీ, ఊరు, ఆసామి పేరు, రంగు, పళ్లు,
ఆఖర్న రిమార్కుల గడి.
అది ఎప్పుడూ ఖాళీ.
గొడ్డు నోరు తెరిచి ఏం చెప్పింది గనక.

ఇప్పుడు ఒంగోలు రిమ్స్, మగవాళ్ల వార్డు.
మూత్రం సన్నబడితే పొయ్యాను.
ప్రొస్టేటన్నారు, ముక్క తీశారు,
తర్వాత ఆ మాటన్నారు.
"మూణ్ణెల్లకోసారి ఇంజెక్షనన్నా వేసుకోవాల,
లేకపోతే రెండూ తీసెయ్యాల.
ఈ రోగం మగరసం తాగి బతుకుద్ది పెద్దాయనా,
దాని కూడు ఆపాల"
అన్నాడు కుర్ర డాక్టరు, నేల చూస్తా.
నాకు నవ్వొచ్చింది.
రవణమ్మ క్యారేజీ మూత
బిగించిందే బిగిస్తా కూచుంది.

ఎడమది అప్పటికే కాస్త గట్టిపడుంది.
బుడ్డేమోలే అనుకున్నా.
మా నాయనకీ ఉండేది,
పంచె సర్దుకుంటా దాంతోనే దున్నాడు.
ఊరోళ్ల గొడ్డుదైతే వెలుతురుకి తిప్పి
వేళ్లతో తూకమేసి చెప్పేవాణ్ణి.
నాది మాత్రం
తడిగుడ్డ కింద, తలుపు గడేసి.

పక్క మంచం చెన్నకేశవులు గారు తెలుగు పండితుడు,
మూత్రపిండాల్లో రాళ్లు, నోట్లో వ్యుత్పత్తులు.
"వృషభం, వృషణం, వర్షం,
మూడింటికీ ఒకటే ధాతువు అబ్బయ్యా."
మర్రిపూడిలో ఆ మూడోది
మూడేళ్లుగా లేదని చెప్పా.

వెన్నులో సూది వేశారు.
నడుం కింద నేను లేను.
ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించా.
రాలేదు.

కుట్లు విప్పే రోజు రిపోర్టు.
అద్దం కింద చూసే షమీమ్ డాక్టరమ్మ
తనే మెట్లెక్కి వచ్చింది.
"ఎడమదాంట్లో కూడా ఉందండీ.
అక్కడ పుట్టింది కాదు.
ప్రొస్టేటుదే, పాకి వచ్చి కూచుంది.
ఒక్కోరికి ఊపిరితిత్తుల్నుంచి వస్తది,
ఒక్కోరికి మూత్రపిండం నుంచి.
చల్లటి చోటు గదా, అక్కడ నిలబడ్డం అరుదంటారు.
నా సర్వీసులో మీది రెండోది."
ఇంకెక్కడెక్కడ కూచుందో చూడాలంట,
నెల్లూరులో స్కానింగు రాసిచ్చింది.

నేను సంత తిరిగిన మనిషిని.
నాకు అర్థమైంది ఇంతే:
దాని కూడు ఆపుదామని మేం గాదె పడగొడితే
ఎలుక ఎప్పుడో గాదెలోనే
కాపురం పెట్టేసింది.
ఇందులో నీతేం లేదు.
కోడెల ఉసురన్నాడంట మా తోడల్లుడు.
రవణమ్మ వాడికి
మజ్జిగ కూడా పొయ్యలేదు.

ఆ సాయంత్రం బస్టాండులో
చేతులూరుకోక రిపోర్టు కవరు మీద గీతలు కొట్టా.
ఊరు: జరుగుమల్లి.
ఆసామి: రవణమ్మ.
రంగు: చామనచాయ.
పళ్లు: పైవరస నాలుగు లేవు.
రిమార్కుల కాడ పెన్ను ఆగింది.

లాక్కుని చదివింది.
మూడో తరగతి చదువు, కూడబలుక్కుంటా చదివింది,
ఆసామి దగ్గర వేలు పెట్టి
కాసేపు అక్కణ్ణే ఉంది.
తర్వాత ఖాళీ గళ్లో
గీతలు దాటి బయటికొచ్చేంత పెద్దక్షరాలు:
అమ్మేది లేదు.

టంగుటూరు బస్సొచ్చింది.
కూచుంటే లాగుద్దని
కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నా.
సీటు ఖాళీగానే ఉంది,
ఆమే కూచోలేదు.