పదకొండో నంబరు బడి

పదిహేడు రోజులకోసారి
రాత్రి రెండూ నలభైకి
సర్వర్ మూగబోయేది.

తెర మీద గీతలన్నీ ఒక్కసారిగా బల్లపరుపు.
బయట కరగండలో మైనస్ ముప్పై ఒకటి.
ఊరి కింద గొట్టాల్లో వేడినీళ్లు
ఎవరింటికి చేరుతున్నాయో, ఎక్కడ ఆగిపోయాయో
చెప్పే నాథుడు లేడు.

నాకేం కంగారు లేదు. మందు తెలుసు.
నేలమాళిగలోకి దిగడం,
బొత్తాం ఎనిమిది సెకన్లు నొక్కి పట్టడం,
ఫ్యాన్లు గుర్రుమనేదాకా అక్కడే నిలబడడం,
పైకొచ్చి నోటుబుక్కులో రాయడం:
"ఆగింది. లేపాను. సరి. దౌరెన్."
అలాంటి సరిలు నలభై ఒకటి.
రెండేళ్లలో చేతిరాత మాత్రం కాస్త వాలింది.

జనవరిలో డ్యూటీలో చేరింది జిబెక్.
ఉన్ని శాలువా విప్పకుండానే
నోటుబుక్కు ఆ చివర్నించి ఈ చివరిదాకా తిరగేసి
"ఇన్నిసార్లు సరి చేశావంటే
ఒక్కసారీ సరి కాలేదన్నమాట" అంది.
చురుక్కుమంది.
పుండొకచోటుంటే మందొకచోట రాస్తున్నానని
నోటితో అనలేదు, అంతే తేడా.

లోపలికెళ్ళి చూద్దామంటే దారి లేదు.
పాస్‌వర్డ్ తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే:
విక్టర్ గెన్రిఖోవిచ్, రిటైరై నాలుగేళ్లు,
తెమిర్తావ్‌లో ఆరో అంతస్తు, కొంచెం చెవుడు, ఒక పిల్లి.
ఫోన్‌లో చెప్పనన్నాడు. కాగితం మీద పెట్టనన్నాడు.
మంచు తుఫాను తగ్గాక
మొదటి బస్సెక్కి తనే వచ్చాడు.

రెండు వేళ్లతో కొట్టాడు.
మేం మర్యాదకి గోడవైపు తిరిగాం.
తప్పు.
మళ్లీ తప్పు.
చేతులు నోటిదగ్గర పెట్టి ఊదుకుని
మూడోసారి కొడితే
సర్వర్ ఆయన్ని గుర్తుపట్టింది.

డిస్కు గొంతుదాకా నిండి ఉంది.
నూటికి తొంభై పాళ్లు ఒకటే మాట:
"పదకొండో నంబరు బడి. ఉష్ణోగ్రత ఎంత? జవాబు లేదు."
"పదకొండో నంబరు బడి. ఉష్ణోగ్రత ఎంత? జవాబు లేదు."
సెకనుకి నాలుగుసార్లు.
జిబెక్ కిందికి జరుపుతూనే ఉంది
టీ చల్లారింది
ఆ మాట తరగలేదు.

గని తవ్వకాలకి నేల కుంగి
గోడలు బీటలిస్తే ఆ బడిని పడగొట్టేశారు.
ఇప్పుడక్కడ కార్లు ఆపుకుంటారు.
గొట్టం కోశారు, మీటరు ఊడబెరికారు,
కిటికీల చెక్కకూడా ఎవరో పట్టుకెళ్లారు.
జాబితాలో పేరు కొట్టేయడం మాత్రం
ఎవరి పనీ కాకుండా పోయింది.

గెన్రిఖోవిచ్ బొచ్చుటోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
"మా ఎల్సా అక్కడే చదివింది.
మూడో తరగతి గదిలో చలి, వేళ్లు వంగట్లేదు నాన్నా అంటే
ఆ సెన్సరు నేనే బిగించాను."

అంటే ఇన్నాళ్లూ ఇది
లేని గదిని పట్టుకుని
వెచ్చగా ఉందా, వెచ్చగా ఉందా అని అడిగి అడిగి
తన గొంతు తానే పూడ్చుకుని కూలిపోతే,
చెంప మీద కొట్టి లేపి
మళ్లీ ఆ ప్రశ్నకే తోలిన వాణ్ణి
నేను.

ఒక్క వరస చెరిపాం.
పాత రాతలు వారానికోసారి వాటంతటవే పోయేట్టు,
డిస్కు ముప్పాతిక నిండగానే గంట మోగేట్టు చేసింది జిబెక్.
తాళాలు మూడయ్యాయి: ఆమెకొకటి, నాకొకటి,
లక్క వేసిన కవర్లో ఒకటి, మేనేజరు బీరువాలో.
"నా పేరూ తీసెయ్యండి" అన్నాడు ముసలాయన,
"రేపు నేనూ పలక్కపోతే
మీ డిస్కు నిండిపోతుంది."
నవ్వాలో వద్దో తెలియక
ఆయన కోటు పట్టుకుని నిలబడ్డాను.

పదిహేడో రాత్రి బూట్లు విప్పలేదు.
రెండూ నలభై.
రెండూ నలభై ఒకటి.
గీతలు వాటి మానాన అవి పాకుతున్నాయి,
ప్రసూతి ఆసుపత్రి ఇరవై రెండు డిగ్రీలంటోంది.
నోటుబుక్కు తెరిచాను. ఏం రాయను?
ఏమీ జరగలేదని రాయడానికి గడి గీయలేదెవరూ.

ఫోన్ మోగింది. తెమిర్తావ్.
"ఆగిందా?"
"లేదు."
"ఆఁ?"
"లేదూ!" అని అరిచాను
గేటు దగ్గర కుక్క లేచి మొరిగేంత గట్టిగా.